ఇచ్చట నవ్వబడును

సిటీబస్సులో కిటికీ పక్క చోటు దొరికితే నేను పుస్తకం తెరవను. హైదరాబాదు గోడలే చదువుకుంటాను. "ఇచ్చట పంచర్లు వేయబడును" అన్న రేకు కనబడగానే, దారిలో మేకులు చల్లినదీ వీరేనేమోనన్న అనుమానం! "ఇచ్చట మూత్రము పోయరాదు" అన్న గోడ ఎన్నడూ పొడిగా ఉండదు. అది హెచ్చరికో, చిరునామాయో!

గిడుగు వారు 1940లో కన్నుమూశారు. కథలు, పత్రికలు, పాఠ్యపుస్తకాలు అన్నీ వ్యావహారికానికి లొంగాయి. లొంగనిది ఈ రేకుముక్క ఒక్కటే. "ఇచ్చట" అని ఏ ఇంట్లోనూ అనరు, "బడును" తెలుగు నుడికారమూ కాదు. అయినా వాటిని దిద్దవద్దనే అంటాను. రాసినవాడు తనకు తెలిసిన తెలుగులో, కాస్త మర్యాదగా ఏదో చెప్పబోయాడు. ఇప్పటి ఫ్లెక్సీల మీద "ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ బాంక్వెట్ హాల్" - అక్షరాలన్నీ తెలుగే, మాట ఒక్కటీ కాదు. నవ్వుకుందామన్నా అందులో ఏముంది?

మా వీధి మలుపులోని పంచరు కొట్టుకు ఈమధ్య "టైర్ కేర్" అన్న మెరుపు పలక వచ్చింది. పాత రేకు ఏమైందండీ అని అడిగాను.

నీళ్ళ తొట్టి మీద మూతగా వేశాడట.