కల్తీ కల్లు, కావలసిన చికిత్స

మన వాడుకలో మందను మాటకు ఔషధమనియు, మద్యమనియు రెండర్థములు గలవు. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో నీ రెండును ఒకే కల్లు సీసాలో గలిసిపోవుట మిక్కిలి శోచనీయము.

ఔషధము మత్తుగా మారుట మన సీమకే పరిమితమైన విపత్తు గాదు. ఫ్రాన్సుదేశమున సర్వియే సంస్థ 1978లో అమినెప్టిన్ అను మందును విక్రయమునకు దెచ్చెను. మనోవ్యాకులత బాపుటకు ఉద్దేశింపబడిన ఆ మందు, మెదడునందలి డోపమైనును నాడీకణములు తిరిగి గ్రహింపకుండ నడ్డి, రోగికి చురుకుదనము గలిగించెడిది. ఆ చురుకుదనమునకే కొందరు బానిసలైరి. కాలేయమునకు హానియు గానవచ్చెను. 1999లో అచట దాని విక్రయము నిలిచిపోయెను. 2003లో అది 1971 నాటి అంతర్జాతీయ ఒడంబడిక క్రింద నియంత్రిత పదార్థములలో జేర్పబడెను.

మనయొద్ద కల్లులో గలుపు అల్ప్రాజోలమ్, డయాజిపామ్ మాత్రము ఉత్తేజకములు గావు. ఆందోళన నణచి నిద్ర గూర్చునవి. చెట్ల పారకము తగ్గి గిరాకి హెచ్చినచోట, ఈ పొడిని నీళ్లలో గలిపి కల్లని యమ్ముచున్నారు. చెట్టెక్కి నిజాయితీగా బ్రతుకు గీతకార్మికునకును ఇందువలన అపకీర్తి వచ్చుచున్నది. చట్టము లేకపోలేదు. ఈ మందులు 1985 నాటి మత్తుపదార్థముల చట్టమునకు లోబడినవే. అల్ప్రాజోలమ్ అమ్మకమును మందుల దుకాణదారుడు ప్రత్యేకపు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెనను నిబంధన 2014 నుండి గలదు. అయినను 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి.

దాడులు జరుగవలసినదే. కాని ఏండ్ల తరబడి ఈ పొడికి అలవడిన శరీరము, అది హఠాత్తుగా నందకపోయినచో నిద్రలేమికి, వణుకునకు, మతిభ్రమణమునకు, మూర్ఛలకు లోనగును, ప్రాణాపాయమును గలదు. 2015లో కట్టడి బిగిసినపుడు నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో ఇట్టివారు పెక్కుమంది ఆసుపత్రులకు జేరిరి. వైద్యుడు చీటి వ్రాసి యిచ్చిన అమినెప్టిన్‌ను మానుటయే కొందరికి దుస్తరమైనపుడు, తాను త్రాగు మందు పేరైన నెరుగని కూలివాని యవస్థ చెప్పనేల?

కావున కల్లు దుకాణము మూయించిన నాడే ఆసుపత్రి ద్వారము తెరువవలెను. ఆదిలాబాదు రిమ్స్‌లోను, కరీంనగరము ప్రభుత్వాసుపత్రిలోను మాత్రమే గాక, మండల ఆరోగ్యకేంద్రములలోను మోతాదు క్రమముగా దగ్గించు చికిత్స లభింపవలెను. గ్రామపెద్దలు బాధితుని త్రాగుబోతని తరుమక, రోగియని వైద్యునికడకు బంపవలెను. శిక్ష కల్తీ చేసినవానికి దగును. త్రాగినవానికి వలసినది వైద్యము.