పాత పెట్టెకు కొత్త చూపు

తెనాలి నుంచి ఒక సోదరి రాశారు: "మా యింట్లో పన్నెండేళ్ళ నాటి కంప్యూటరు వుంది. ఆటలు ఆడుకోవడానికి దానికి గ్రాఫిక్స్ కార్డు వేయించమని మా అబ్బాయి ప్రాణం తీస్తున్నాడు. వారేమో ససేమిరా అంటున్నారు. కొనమంటారా, వద్దంటారా?"

ఉత్తరం చదవగానే నాకు నవ్వొచ్చింది. సరిగ్గా యిదే తగువు మా అక్కయ్యగారింట్లో జరిగింది. తీర్పు చెప్పడానికి నన్ను పిలిచారు కూడాను. ఆ కథ చెబితే మీకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

అక్కయ్యా వాళ్ళది గుంటూరు. బావగారు లెక్కల మేష్టరుగా చేసి రిటైరయ్యారు. 2020లో బళ్ళు మూతబడి పాఠాలన్నీ తెరమీదికి ఎక్కినప్పుడు, యెవరో ఆఫీసువాళ్ళు వాడి తీసేసిన కంప్యూటరు ఒకటి చవగ్గా కొన్నారు. 2012 నాటి ఐ5 ప్రాసెసరు, నిలువుపాటి పెట్టె. పెద్దవాడు దానిమీదే చదువుకుని ఎం.ఎస్. కోసం డాలస్ వెళ్ళాడు. చిన్నవాడు ఇంటర్ పరీక్షలు రాసి కూచున్నాడు.

పెద్దవాడు వెళ్ళాక యింట్లో వెలితి యెలా వుంటుందో మీకు చెప్పాలా? ఫోను చేస్తే "తిన్నావురా?" అంటుంది అక్కయ్య. "తిన్నానమ్మా" అంటాడు. "యేం తిన్నావు?" "యేదో తిన్నాలే." అంతటితో సరి. బావగారు ఫోను అందుకుంటే "ఆరోగ్యం జాగ్రత్త" అని రెండు ముక్కలు చెప్పి యిచ్చేస్తారు. ఆయనకి లెక్కలు చెప్పడం వచ్చుగాని కబుర్లు చెప్పడం రాదు.

చిన్నవాడు యేమన్నాడంటే, "నేను అన్నయ్యతో కలిసి లారీలు తోలతాను పిన్నీ" అన్నాడు.

బావగారు పేపరు కిందపెట్టారు. "అప్పుచేసి వాణ్ణి అమెరికా పంపింది లారీలు తోలడానికట్రా?"

అదొక ఆట లెండి. పేరు యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశపు కంపెనీ ఒకటి 2012లో తయారుచేసింది. యూరపు రోడ్లమీద సరుకు లారీ తోలుకుపోవడమే ఆట. తుపాకులూ, నెత్తురూ యేమీ లేవు. 2021 నుంచి స్నేహితులు ఒకే రోడ్డుమీద ఒకరి వెనక ఒకరు బళ్ళు కట్టుకుపోయే సదుపాయం కూడా దాంట్లో వచ్చింది. ఒకడు డాలస్ లోనూ ఒకడు గుంటూరులోనూ కూచుని, మాట్లాడుకుంటూ పోవచ్చు.

కాని మనవాడి లారీ పెళ్ళి ఆల్బంలో పేజీలు తిప్పినట్టు కదిలేది. మలుపు తిరిగేలోపల గట్టుకు గుద్దుకునేది. పెద్దవాడు ముందుకు పోయి రోడ్డు పక్కన కాచుకుని, కాచుకుని, "నువ్వు వచ్చేసరికి నాకు నిద్దరొస్తోందిరా" అని ఆపేసేవాడు. రెండు ఆదివారాలు అలా అయ్యాక అసలు పిలవడం మానేశాడు.

మన పెట్టెకు వచ్చిన జబ్బేమిటో చెబుతాను. ఆ రకం పాత కంప్యూటర్లలో బొమ్మలు గీసే పని ప్రాసెసరులోనే యిమిడివున్న చిన్న భాగం చేస్తుంది. దానికి సొంత మెమరీ వుండదు. కంప్యూటరు ర్యామ్‌నే పంచుకోవాలి. రెండు వాటాల యింటికి ఒకే కుళాయి వున్నట్టన్నమాట. మా వాళ్ళ పెట్టెలో నాలుగు జి.బి. ర్యామ్ బద్ద ఒక్కటే వుంది. ఆ డి.డి.ఆర్.3 - 1600 రకం బద్ద ఒకటైతే సెకనుకు 12.8 గిగాబైట్లు మాత్రమే యివ్వగలదు. అలాంటిదే రెండోది జతచేస్తే ధార రెట్టింపవుతుంది. గ్రాఫిక్స్ కార్డు అంటే రెండో వాటాకి వేరే బోరు తవ్వించడం. దాని మెమరీ దానిదే. జీఫోర్స్ జి.టి.ఎక్స్. 1650 అనే మామూలు రకం కార్డుకే సెకనుకు 128 గిగాబైట్ల ధార వుంటుంది. యెక్కడి పన్నెండు, యెక్కడి నూట యిరవై యెనిమిది!

ఈ సంగతులు తెలియకముందే చిన్నవాడు ఒక పొరపాటు చేశాడు. అమ్మమ్మ పండక్కి యిచ్చిన డబ్బు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, ఒక దుకాణంలో జి.టి. 1030 అనే కార్డు కొన్నాడు. స్నేహితుడి యింట్లో అదే పేరుగల కార్డు బాగా పనిచేస్తోందట. తీరా తెచ్చి పెడితే లారీ కాస్త కదిలిందిగాని పరుగెత్తలేదు. విషయమేమంటే, 2017లో వచ్చిన 1030కి జి.డి.డి.ఆర్.5 మెమరీ వుంది. ధార 48 గిగాబైట్లు. మరుసటేడు అదే పేరుతో డి.డి.ఆర్.4 మెమరీ పెట్టి యింకొకటి దింపారు. దాని ధార 17కి లోపే. పేరొకటే, పెట్టెమీది బొమ్మ యించుమించు ఒకటే, సరుకు మాత్రం మూడో వంతు. వాపసు యిస్తానంటే దుకాణంవాడు "తెరిచిన సరుకు తీసుకోం" అన్నాడు. సగం ధరకి తెగనమ్ముకున్నాడు కుర్రాడు. బావగారు ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే వాడికి పెద్ద శిక్ష అయింది. నన్ను పిలిచింది అప్పుడు.

చిన్నవాడు సికింద్రాబాదులో మా యింటికి వచ్చాడు. వాణ్ణి వెంటబెట్టుకుని పార్కులేన్ దగ్గర సి.టి.సి.కి వెళ్ళబోయే ముందు, కాగితం పెన్సిలు యిచ్చి నాలుగు సంగతులు రాయించాను. కొనదలుచుకున్నవారు యివి రాసుకోండి.

మొదటిది జాగా. ఆఫీసు కంప్యూటర్లలో కొన్ని నిలువుగా, లావుగా వుంటాయి. కొన్ని పలకలా సన్నగా వుంటాయి. సన్నవాటిలో పూర్తి యెత్తు కార్డు పట్టదు. లో ప్రొఫైల్ అనే పొట్టి కార్డే కావాలి. కార్డు మందం కూడా చూడాలి. ఫ్యాను వున్నవి చాలామటుకు పక్క స్లాటు జాగాని కూడా ఆక్రమిస్తాయి. మూత తీసి, స్కేలు పెట్టి, పొడవు యెత్తు కొలిచి రాసుకోవాలి. రవికెల గుడ్డ కొనేటప్పుడు చూపించే శ్రద్ధ యిక్కడ చూపిస్తే చాలు.

రెండోది కరెంటు. లోపల వుండే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బామీద యెన్ని వాట్లో రాసివుంటుంది. మా వాళ్ళది 275. కార్డు పెట్టే స్లాటు తనంత తానుగా 75 వాట్ల దాకా యివ్వగలదు. అంతకుమించి తినే కార్డులకి విడిగా ఆరు పిన్నుల తీగ తగిలించాలి. ఆఫీసు పెట్టెల్లో ఆ తీగ చాలావాటికి వుండదు. "తీగ లేకపోతేనేం, హార్డ్ డిస్కు తీగనుంచి కలిపే కన్వర్టరు వుంది" అని దుకాణాల్లో అంటారు. వినకండి. ఆ సన్నతీగ అంత కరెంటు మోయడానికి పుట్టలేదు. తీగ కరిగితే కార్డుతో పోదు; హార్డ్ డిస్కులో దాచుకున్న పెళ్ళి ఫోటోలతో సహా పోతుంది. తీగ అక్కర్లేని 75 వాట్ల లోపు కార్డే పాత పెట్టెకు క్షేమం. జి.టి.ఎక్స్. 1650లో కూడా తీగ అడిగేవి కొన్ని వున్నాయి గనక పిన్నుల గూడు వుందో లేదో కళ్ళతో చూసి మరీ తీసుకోవాలి.

మూడోది తెర. పాత మానిటర్లకి నీలిరంగు మూతి వున్న వి.జి.ఎ. తీగ వుంటుంది. యీ కార్డులకి ఆ కన్నం లేదు. హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఎ.కి మార్చే చిన్న కన్వర్టరు కూడా కొనుక్కోవాలి. యిది మరిచిపోయి రాత్రిపూట యింటికొచ్చి తలపట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

నాలుగోది వయస్సు. ఎన్‌విడియా వారు 1030, 1050 టి.ఐ. వంటి పాస్కల్ తరం కార్డులకి కొత్త ఆటలకు తగిన డ్రైవర్లు యివ్వడం 2025 అక్టోబరుతో నిలిపివేశారు. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 దాకా యిస్తామన్నారు. పాత ఆటలకి అవి యిప్పటికీ పనికొస్తాయి. 1650 ఆ తరువాతి తరంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు ధరలో నదురుగా కనిపిస్తాయిగాని, రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత మదర్ బోర్డుల్లో వాటి పస తగ్గిపోతుంది. ఎ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 6400 సన్నపెట్టెలకు మంచిదే, 53 వాట్లే తింటుంది. కాని దానికి నాలుగు దారులే వున్నందున బాగా పాత బోర్డుల్లో కొంత వెనకబడుతుంది.

సెకండ్ హ్యాండు కొనేవారికి యింకొక మాట. 2022 సెప్టెంబరులో ఎథీరియం నాణేల తవ్వకం కార్డులతో చేసే పద్ధతి ఆగిపోయాక, రాత్రింబగళ్ళు కాగిన కార్డులు చాలా బజారులోకి వచ్చాయి. పాత కార్డుకి కొత్త పేరు యెక్కించి అమ్మేవాళ్ళూ వున్నారు. జి.పి.యు.-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపితే నిజం చెబుతుంది. దుకాణంలోనే పెట్టించి, పావుగంట ఆట నడిపించి, ఫ్యాను చప్పుడు విని, అప్పుడు డబ్బు యివ్వండి. వంకాయలు కొన్నా తొడిమ తిప్పి చూస్తాం గదా!

మావాడు యీసారి అయిదు దుకాణాలు తిరిగాడు. అడిగిందే అడిగి అందరినీ విసిగించాడు. చివరికి పిన్నుల తీగ అక్కర్లేని 1650 ఒకటి, ర్యామ్ బద్ద ఒకటి, కన్వర్టరు ఒకటి తీసుకున్నాం. డబ్బు నేనే యిచ్చాను. ఇంజనీరింగులో చేరాక తీరుస్తానని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం బీరువాలో భద్రంగా వుంది.

గుంటూరులో బిగింపు తతంగం జరిగింది. ముందు ఫోటోలన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయించాను. ప్లగ్గు పీకి, పెట్టె లోహాన్ని ఒకసారి చేత్తో తాకి, దుమ్మంతా కుంచెతో దులిపి, కార్డు పొడుగాటి స్లాటులో టిక్కుమనే దాకా నొక్కి, మర బిగించాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా వుండిపోయింది!

వాడి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. రెండోసారి కూడా డబ్బు పోయిందనే అనుకున్నాడు పాపం. అక్కయ్య దేవుడి గదివైపు చూసింది. అంతసేపూ పేపరు చాటున వున్న బావగారు లేచివచ్చి, కళ్ళజోడు సవరించుకుని, పెట్టె వెనక్కి వంగి చూశారు.

"ఒరే, కార్డు కొత్త చోట పెట్టావు, తెర తీగ పాత కన్నంలోనే వుంచావేం?"

నిజమే! తీగ మదర్ బోర్డుకే తగిలివుంది. కన్వర్టరు తగిలించి కార్డుకి పెట్టగానే తెర వెలిగింది. లెక్క తప్పు పట్టుకున్న మేష్టరు మొహం యెలా వుంటుందో మీరు వూహించుకోవచ్చు. డ్రైవరు వేసుకున్నాక, బొమ్మల నాణ్యత "మధ్యరకం" మీద పెట్టాడు. లారీ నదిమీద పడవలా సాగింది.

మనకి ఆదివారం ఉదయం యేడు గంటలైతే వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి యెనిమిదిన్నర. అన్నదమ్ములు రోడ్డెక్కారు. అక్కయ్య కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయింది. "వెనకే వున్నావట్రా?" "వున్నానన్నయ్యా." అలా అరగంట పోయాక పెద్దవాడు తనంతట తనే అన్నాడు: పార్ట్ టైము ఉద్యోగం పోయి నెలన్నరైందట. యింట్లో దిగులుపడతారని చెప్పలేదట. రాత్రిళ్ళు నిద్దర పట్టడం లేదట. ఫోనులో "యేదో తిన్నాలే" అనే మాట వెనక యింత వుందని మాకెవరికీ తెలీదు. మొహంలోకి మొహం పెట్టి అడిగితే చెప్పని మాట, చేతులు రెండూ చక్రంమీద వుంటే బయటికి వచ్చింది.

అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. బావగారు నెమ్మదిగా వచ్చి చిన్నవాడి పక్కన కుర్చీ వేసుకుని, మైకు దగ్గరికి వంగి, "ఒరే పెద్దాడా! అప్పు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వేళకి తిను. ఉద్యోగం యివాళ కాకపోతే రేపొస్తుంది" అన్నారు. ఆయన కొడుకుతో అన్ని మాటలు ఒక్కసారి అనడం నేను చూడడం అదే మొదలు.

అంచేత సోదరీ, మీకు నా జవాబు యిది. మీ అబ్బాయి యే ఆట ఆడతాడో, యెవరితో ఆడతాడో ముందు పక్కన కూచుని అడగండి. తేలిక ఆటలే అయితే ముందు ర్యామ్ జతచేసి చూడండి. చాలకపోతే తీగ అక్కర్లేని కార్డు పెట్టించండి. భారీ ఆటలు కావాలంటే మాత్రం పాత పెట్టెమీద డబ్బు పోయకండి. పాత ప్రాసెసరు పెద్ద కార్డుని పరుగెత్తనివ్వదు. కార్డు ధర కొత్త కంప్యూటరు ధరలో సగం దాటుతుంటే ఆగండి. రైజెన్ 5 5600జి లాంటి ప్రాసెసర్లున్న పెట్టెలు అసలు కార్డే లేకుండా తేలిక ఆటలు ఆడిస్తాయి. విండోస్ 10కి ఉచితపు సంరక్షణ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇంటెల్ యెనిమిదో తరానికి ముందు పెట్టెల్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అంచేత బ్యాంకు పనులు ఆ పెట్టెమీద పెట్టుకోకపోవడమే మంచిది.

ఆటకి గంట అని గీత గీయండి. ఆ గంటలో మాత్రం మీవారిని కూడా ఒక కుర్చీ వేసుకుని కూచోమనండి. మా బావగారు యిప్పుడు ఆదివారం యేడు కాకముందే పేపరు ముగిస్తున్నారు. దారి తప్పిస్తున్నాడని చిన్నవాణ్ణి కేకలేస్తున్నారు కూడాను.