మేపుల్ కొమ్మకు మొదటి చలికాలం

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి పెరటిలో మొదట పరిచయమయ్యే చెట్లలో మేపుల్ ఒకటి. బిడ్డ పుట్టిన ఏడాది ఒక మేపుల్ మొక్కను నాటి, ఏటా పుట్టినరోజున బిడ్డను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీసుకునే ఇళ్ళు ఉన్నాయి. ఉద్యోగరీత్యా ఊరు మారవలసి వచ్చినప్పుడు ఇల్లు అమ్ముడుపోతుంది. చెట్టు ఇంటితోపాటే పోతుంది. సామాను సర్దుకునే వారంలో పిల్లవాడు అడిగే ప్రశ్నకు తల్లిదండ్రుల దగ్గర జవాబు ఉండదు: “మన చెట్టును తీసుకువెళ్ళలేమా?”

తీసుకువెళ్ళవచ్చు. అయితే అందుకు కనీసం రెండు వేసవుల ముందుగా పూనుకోవాలి. చెట్టు కింద రాలిన గింజను మొలకెత్తిస్తే వచ్చేది ఆ చెట్టు సంతానం. ఆకు రంగు, కొమ్మల తీరు తల్లిని పోలవచ్చు, పోలకపోవచ్చు. కొమ్మకు వేళ్ళు పుట్టిస్తే వచ్చేది సాక్షాత్తూ ఆ చెట్టే. మంచి మామిడిని టెంక నాటి కాక అంటు కట్టి పెంచే ప్రాంతం నుంచి వచ్చినవారికి ఈ భేదం కొత్తది కాదు.

కాని తెలుగునాట పెరిగినవారికి ఇక్కడే ఒక చిక్కు ఉంది. మందారం, నందివర్ధనం, మునగ వంటివాటి కొమ్మను తొలకరిలో మట్టిలో గుచ్చితే చాలు, నెల తిరిగేసరికి చిగురు వేస్తుంది. ఆ అలవాటుతోనే కొందరు, మేపుల్ ఆకులు ఎర్రబడి కన్నుల పండువుగా ఉన్న అక్టోబరులో కొమ్మ కోసి కుండీలో గుచ్చుతారు. అప్పటికి చెట్టు శీతకాలపు నిద్రకు సిద్ధమవుతూ ఉంటుంది. ఆకులు రాలి కొమ్మ ఎండిపోతుంది. “ఈ దేశపు చెట్టు మన చేతికి రాదు” అని కొందరు విరమించుకుంటారు. మరికొందరు దుకాణంలో వేరు పుట్టించే పొడి కొనితెచ్చి, భారమంతా దానిమీద వేస్తారు. రెండూ పొరపాట్లే.

ఆ పొడి వెనుక చక్కని చరిత్ర ఉంది. మొలక కొన నుంచి ఏదో ప్రభావం కిందికి ప్రసరించి దాని వంపును శాసిస్తున్నదని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రకటించారు. 1920లలో డచ్చి శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొనల నుంచి ఆ పదార్థాన్ని అగరు ముక్కలలోకి దింపి, దాని ఉనికిని నిరూపించాడు. అదే ఆక్సిన్. 1935లో న్యూయార్కు రాష్ట్రంలోని బాయిస్ థాంప్సన్ సంస్థలో పనిచేసిన జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్‌లు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లానికి వేళ్ళు పుట్టించే శక్తి ఉన్నదని కనుగొన్నారు. మొక్కలోని ప్రధాన ఆక్సిన్ అయిన ఇండోల్ అసిటిక్ ఆమ్లం వెలుతురుకు, ఎంజైములకు త్వరగా విరిగిపోతుంది. బ్యూటిరిక్ ఆమ్లం దానికంటె నిలకడ గలది కనుక నేటి పొడులలో అధికభాగం దానితోనే తయారవుతున్నాయి.

ఇంతకూ ఆ పొడి చేసే పని ఒక్కటే. కోసిన చోట బెరడు కింది కణాలకు, వేరుగా మారవలసిందని సంకేతం ఇస్తుంది. ఆ సంకేతాన్ని అందుకోగల లేతదనం కణాలకు ఉండాలి. వేరు కట్టడానికి కావలసిన పిండిపదార్థం కొమ్మలో ఉండాలి. ఈ రెండూ ఒకేసారి సమకూరే రోజులు ఏడాదిలో కొద్దివారాలే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ప్రాంతాలలో అవి మే నెలాఖరు నుంచి జూన్ నడిమి వరకు ఉంటాయి. వసంతపు ఆకులు పూర్తిగా విచ్చుకొని, కొత్త కొమ్మ ఇంకా పచ్చగా ఉంటూనే కాస్త గట్టిపడే సమయమది.

ఉదయపు చల్లదనంలో 4 నుంచి 6 అంగుళాల కొమ్మను కణుపు కింద కోయాలి. పైనున్న ఒకటి రెండు జతల ఆకులను ఉంచి తక్కినవి తీసివేయాలి. పెద్ద ఆకులైతే సగానికి కత్తిరించాలి. మొదట్లో ఒక పక్క బెరడును పలుచగా గీరి, పొడి అద్ది, పెర్లైటూ పీటూ సమంగా కలిపిన తడి మిశ్రమంలో గుచ్చాలి. ఇళ్ళకు అమ్మే పొడులలో సామాన్యంగా 0.1 శాతం ఆమ్లమే ఉంటుంది. మేపుల్‌కు 0.3 నుంచి 0.8 శాతం ఉన్నది మేలు. మోతాదు మరీ మించితే కొమ్మ మొదలు మాడిపోతుంది. కుండీపై పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కప్పి, వెలుతురు ఉండి ఎండ తగలని చోట ఉంచితే నాలుగు నుంచి ఎనిమిది వారాలలో వేళ్ళు కనిపిస్తాయి. ఎర్ర మేపుల్ సులభంగా లొంగుతుంది. జపాను మేపుల్‌కు ఓర్పు కావాలి, పైగా అది అంటుమొక్క అయితే అతుకుకు పైనున్న కొమ్మనే కోయాలి. చక్కెర మేపుల్ మిక్కిలి మొండిది. ఏ రకమైనా వయస్సు మీరిన చెట్టుకంటె పడుచు చెట్టు కొమ్మే తొందరగా వేరు వేస్తుంది.

వేళ్ళు కనిపించగానే గెలిచామని అనుకోవడం మరొక పొరపాటు. మేపుల్ కొమ్మలు అధికంగా నశించేది ఆ తరువాతి చలికాలంలోనే. ఉన్న పిండిపదార్థమంతా వేళ్ళకు ఖర్చయిపోతుంది. శరత్తుకు ముందే కొత్త చిగురు వేసిన కొమ్మ తిరిగి కొంత కూడబెట్టుకుంటుంది. వేయనిది వసంతంలో మొగ్గ విప్పలేక పోతుంది. అందుచేత వేరు పట్టిన కొమ్మను ఆ ఏడాది కదిలించి వేరే కుండీలోకి మార్చరాదు. ఆగస్టులో రాత్రివేళ కొన్ని గంటలు దీపం వెలిగించి పగటిని పొడిగిస్తే చిగురు వేసే అవకాశం పెరుగుతుంది. డిసెంబరులో జాలిపడి దానిని వెచ్చని నడవాలోకి తేవడం అపకారమే. మేపుల్ మొగ్గ విచ్చాలంటే కొన్ని నెలల చలి అవసరం. హీటరు లేని గరాజులో, 32 నుంచి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, మట్టి ఎండిపోకుండా ఉంచితే చాలు. హైదరాబాదు బంధువులు ముచ్చటపడినా మేపుల్ అక్కడ నిలదొక్కుకోలేకపోవడానికి కారణం కూడా ఈ చలి కొరతే.

కొమ్మలు విఫలమైతే నేల అంటు, గాలి అంటు ఉండనే ఉన్నాయి. జామకు అంటు తొక్కిన చేతులకు ఆ పని చెప్పనక్కరలేదు.

రెండు విషయాలలో జాగ్రత్త తప్పనిసరి. అమెరికాలో 1930 నుంచి కొత్త మొక్కల రకాలకు పేటెంటు ఇస్తున్నారు. దాని గడువు ఇప్పుడు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్ళు. గడువు తీరని రకాన్ని అనుమతి లేకుండా కొమ్మల ద్వారా పెంచడం ఇంటివాడికైనా చట్టవిరుద్ధమే. ఇక మేపుల్‌ను తొలిచే ఆసియా పొడవు మీసాల పురుగు 1996లో బ్రూక్లిన్‌లో, 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో బయటపడింది. వూస్టరు ప్రాంతంలో వేలాది చెట్లను నరికివేయవలసి వచ్చింది. ఆ పురుగు ఉన్న ప్రాంతాల నుంచి మేపుల్ మొక్కలను, కొమ్మలను తరలించడంపై ఆంక్షలున్నాయి. కాబట్టి కుండీని కారులో పెట్టే ముందు, వెళ్ళబోయే రాష్ట్రపు వ్యవసాయశాఖను విచారించడం విధి.

ఇంత శ్రమ దేనికి, నర్సరీలో కొత్త మొక్క కొనుక్కోవచ్చు కదా అనవచ్చు. కొనవచ్చు. కాని అది పిల్లవాడు అడిగిన చెట్టు కాదు. పైగా పది కొమ్మలు కోసి, ఐదింటికి పొడి అద్ది ఐదింటికి అద్దకుండా నాటి, ఏది ఎప్పుడు వేరు వేసిందో, ఏది ఎందుకు చచ్చిపోయిందో పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించిన ఇంట్లో విజ్ఞానశాస్త్రం మార్కుల విషయంగా మిగిలిపోదు. పదిలో ఏడు పోయినా నష్టం లేదు. రెండు వేసవుల గడువు ఉన్న కుటుంబానికి మళ్ళీ జూన్ వస్తుంది.

ఊరు మారే ఆలోచన ఇంకా లేని ఇంటివారే ఈ పని మొదలుపెట్టడం మంచిది. ఉత్తర్వులు అందిన తరువాత సామాను పెట్టెలు వారంలో సిద్ధమవుతాయి. మేపుల్ వేరుకు మాత్రం దాని నెలలు దానికి కావాలి.