అసలుతో నకలు సరిపోవుచున్నదా?

న్యాయస్థానమున దస్తావేజు నకలు దాఖలు చేయువాడు అసలుతో సరిచూచి తెచ్చితినని చెప్పినంతనే చాలదు. సరిచూచుకొను హక్కు ప్రతివాదికిని గలదు. సాఫ్టువేరు విషయమున ఈ హక్కు పౌరునికి నేటికిని చాలవరకు లేదు. ప్రోగ్రామరు వ్రాసిన సోర్సు కోడు ఒకటి. దానినుండి బిల్డు యంత్రము తయారుచేసి మన కంప్యూటరునకు పంపు బైనరీ మఱియొకటి. మొదటిదానిని బహిరంగపఱచి "చూచుకొనుడు, ఇందు దాపఱికము లేదు" అనువారు గలరు. సంతోషమే. కాని మనకు చేరినది దానినుండియే పుట్టినదనుటకు సాక్ష్యమేది?

ఈ శంక ఊహామాత్రము కాదు. 2020లో బయల్పడిన సోలార్‌విండ్స్ ఉదంతమున చొరబాటుదారులు బిల్డు జరుగుచుండగా ఒక సోర్సు ఫైలును మార్చి, పని ముగియగనే పాతదానిని యథాస్థానమున నుంచిరి. కంపెనీ సంతకముతోనే ఆ కల్తీ సరకు 18,000 వఱకు సంస్థలకు పోయినది. సంతకము నిజమైనదే!

మందు తెలిసినదే. ఒకే సోర్సునుండి, ఒకే పనిముట్లతో, ఎవరు ఎక్కడ ఎప్పుడు బిల్డు చేసినను ఒక్క బిట్టు తేడాలేక ఒకే బైనరీ రావలయును. అప్పుడు ఒకరినొకరు ఎఱుగని ఇద్దరు వేర్వేరుగా చేసి హాషులు పోల్చిన చాలును. ఇట్లు రాకుండుటకు కారణములు చూడగా నవ్వు వచ్చును: బిల్డు చేసిన గడియ బైనరీలో అచ్చగుట, ప్రోగ్రామరు ఫోల్డరు పేరు అందు దూరుట, డిస్కు ఏ వరుసను ఇచ్చిన ఆ వరుసనే ఫైళ్లను కూర్చుట, టైంజోను, భాషా సెట్టింగు. ఇవి కుట్రలు కావు, అజాగ్రత్తలు. గడియారమునకు బదులు సోర్సు తుది మార్పు తేదీని అందించు సోర్స్ డేట్ ఎపాక్ అను ఏర్పాటు 2015 నుండి యున్నది. ఫైళ్లను పేరు వరుసను పేర్చి, కంపైలరు వెర్షనును లిఖించి స్థిరపఱచిన చాలవరకు పని తీఱును. డెబియన్ స్వచ్ఛందసేవకులు 2013 నుండి వేలకొలది ప్యాకేజీలను ఇట్లు చక్కబఱచిరి.

కంపైలరే దొంగయైనచో? కెన్ థాంసన్ 1984లోనే ఈ చిక్కును చూపెను. అది దీనిచే పూర్తిగా తీఱదు, ఒప్పుకొందము. అందుచేత తీఱుదానిని తీర్పనక్కఱలేదను వాదము ఏ కోర్టులోను నిలువదు.

ప్రజాధనముతో సాఫ్టువేరు కొను గవర్నమెంటులు టెండరులలో సోర్సు ఇయ్యవలెనని వ్రాయుటతో ఆగరాదు. బిల్డు విధానమును ఇయ్యవలెననియు, మూడవవారు చేసిన బిల్డుతో హాషు కలిసినగాని బిల్లు చెల్లింపబడదనియు వ్రాయవలయును. సంతకము చేర్చిన హాషు మాఱునుగదా యని గుత్తేదారులు అడ్డు చెప్పవచ్చును. ఆండ్రాయిడు ఆప్‌లను పంచు ఎఫ్-డ్రాయిడ్ వారు ఈ పద్ధతిలో చేరిన ఆప్‌లకు తాము చేసిన బిల్డుపై రచయిత సంతకమునే తెచ్చి అతికించి చూచుచున్నారు; అది సరిపడినగాని ఆ ప్రతిని విడుదల చేయరు.