అగ్గిపెట్టె లాక్కుని అడవినిచ్చారు

2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందీపూర్ అడవి తగలబడింది. వేల ఎకరాలు. ఫోన్లలో మంటలు చూసి అయ్యో అన్నాం, నిప్పు పెట్టిన దుర్మార్గుడెవడో అని తిట్టాం, వానలు పడగానే మర్చిపోయాం. అంటుకోవడానికి అంత ఎండుకంప అక్కడ ఎందుకు పేరుకుందని అడిగినవాళ్లెందరు?

అడక్కపోయినా చెబుతున్నవాళ్లున్నారు. కర్ణాటకలోనే, బిళిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ ఆదివాసులు. ఎండలు ముదరకముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాలిన ఆకులకి వాళ్లు నిప్పు పెట్టేవారు. తరగు బెంకి అంటారు దాన్ని. నేలబారు మంట, పెద్ద చెట్లని ఏమీ చేయదు. లాంటానా అనే కలుపు పొద మొలకలు మాడిపోయేవి. ఉసిరి చెట్లని పీల్చే బదనిక అణిగేది. దుప్పులకి కొత్త గడ్డి లేచేది. 1974లో ఆ కొండల్ని అభయారణ్యం చేశారు. తాతల నాటి పని మనవలకి నేరమైంది.

ఇప్పుడు వెళ్లి చూడండి. మనిషి దూరలేని లాంటానా పొదలు. వాటి కింద గడ్డి లేదు, చెట్ల పిల్లలు లేవు. ఈసారి మంట అంటుకుంటే నేలమీద ఆగుతుందా? పొదనెక్కి కొమ్మల్లోకి పోతుంది.

లాంటానాని నరికిస్తున్నాం కదా అంటారు అధికారులు. పైపైన నరికితే లాంటానా మొదలు నుంచి మళ్లీ గుబురుగా లేస్తుంది. వేరు దగ్గర భూమిలోపలికి కోసి, దుబ్బుని తలకిందులు చేయాలి. అంత చేసినా పిట్టలు గింజలు తెచ్చి వేస్తూనే ఉంటాయి. ఆ మొలకల్ని అణిచేది చిన్న నిప్పే. నరక్కుండా నిప్పు పెడితే అడవి పోతుంది, నరికి నిప్పు పెట్టకపోతే నరికిన కూలి వృథా. ఈ రెండు పనుల వరస సోలిగ పెద్దలకి తెలుసు. వాళ్లని అడిగే తీరికే ఎవరికీ లేదు!

నిప్పు అదుపు తప్పితే అన్న భయం ఉత్తిది కాదు. 2022లో అమెరికాలోని న్యూ మెక్సికోలో అటవీశాఖ తానే పెట్టిన నిప్పు చేయి దాటి మూడు లక్షల ఎకరాలకి పైగా కాల్చేసింది, ఊళ్లకి ఊళ్లు నష్టపోయాయి. అయినా అక్కడ ఆ పని మానెయ్యలేదు. 90 రోజులు ఆపి, లోపాలు వెతికి, నిబంధనలు బిగించి మళ్లీ మొదలుపెట్టారు. మనకేమో భయం ఒక్కటి చాలు, యాభై ఏళ్లు చేతులు కట్టుకు కూర్చోవడానికి.

మన నల్లమల మాత్రం? ఎండాకాలం ముందు మంట దాటకుండా ఫైర్ లైన్లు గీయడానికి చెంచులు కావాలి, అర్ధరాత్రి కొమ్మలతో కొట్టి మంట ఆర్పడానికి చెంచులు కావాలి. ఏ చోటు ఎప్పుడు కాల్చాలో, ఏది ముట్టకూడదో తేల్చేటప్పుడు వాళ్ల మాటకి విలువేది?

2011లో సోలిగలకి సామూహిక అటవీ హక్కులిచ్చారు. పులుల అభయారణ్యంలో అలా ఇవ్వడం దేశంలో అదే మొదలని గొప్పగా చెప్పుకున్నాం. అడవిని కాపాడుకునే, చూసుకునే హక్కు గ్రామసభదని చట్టం అంటోంది. పత్రం చేతిలో ఉంది, నిప్పు మీద నిషేధం అలాగే ఉంది.

తరగు బెంకి పెట్టిన తరం ముసలిదైపోయింది. వాళ్లుండగానే, వచ్చే జనవరికే, ఒక్క లోయలోనైనా లాంటానా తీయించి, చుట్టూ గీత గీయించి, అధికారులు పక్కన నిలబడి వాళ్ల చేత నిప్పు పెట్టించండి. కుదరదంటే ఎందుకు కుదరదో గ్రామసభకి వెళ్లి, ఆ పెద్దల ముఖం చూసి చెప్పండి.