ప్యాకెట్టు వాళ్లది, చీపురు మనదా?

కృష్ణ ఒడ్డునున్న మన శ్రీకాకుళంలో గానీ, అవనిగడ్డలో గానీ, గుడివాడ పక్క పల్లెల్లో గానీ ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా తోరణాల్లా వేలాడే ప్యాకెట్లే కనిపిస్తాయి. షాంపూ, టీపొడి, చిప్స్. కూలి డబ్బు చేతిలో పడ్డనాడు ఆడవాళ్లు కొనగలిగేవి అవే. మర్నాటికి అవి మురుగు కాలవలోకి, అక్కణ్ణించి పంట కాలవలోకి చేరతాయి. అప్పుడు మనకి పాఠాలు మొదలవుతాయి: "అమ్మా, గుడ్డసంచీ పట్టుకెళ్లండి, చెత్త వేరు చెయ్యండి" అని.

చెత్త వేరు చెయ్యడానికి మనకేమీ అభ్యంతరం లేదు. కానీ వేరు చేసిన ఆ ప్యాకెట్టుని ఏం చెయ్యాలో చెప్పేవాళ్లేరీ?

పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్. కాబట్టి పాత సామాన్లవాడు కొంటాడు. షాంపూ ప్యాకెట్టు అలా కాదు. పాలియెస్టరు, అల్యూమినియం రేకు, పాలిథీన్ పొరలు పొరలుగా అంటించి తయారుచేస్తారు. పాలిథీన్ 110-130 డిగ్రీల దగ్గర కరిగితే పాలియెస్టరుకి 250 డిగ్రీలు దాటాలి. రెంటినీ కలిపి కరిగిస్తే దేనికీ పనికిరాదు. పొరలు విడదీయడం ఖర్చుతో కూడిన పని. వందలకొద్దీ ఏరినా కిలో తూగవు, తూగినా కొనేవాడుండడు. అందుకే చెత్త ఏరుకుని బతికే ఆడవాళ్లు కూడా వాటిని వదిలేస్తారు. చివరికి అవి కాలవలోకి పోతాయి, లేదా మంటలో పడతాయి. ఆ పొగ పీల్చేదీ మనమే.

అంటే తప్పు మన అలవాట్లలో లేదు, ప్యాకెట్టు తయారీలోనే ఉంది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. రీసైకిల్ కాని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపెయ్యాలని 2016 నిబంధనల్లో కేంద్రమే రాసింది. గడువు ముగిసే వేళకి, 2018లో, దాన్ని సవరించింది. కాల్చి శక్తి తీయడానికో, మరో పనికో పనికొస్తే చాలన్న వెసులుబాటు ఇచ్చింది. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు నిషేధించింది. షాంపూ ప్యాకెట్టుని మాత్రం ముట్టుకోలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో కంపెనీల బాధ్యత మీద మార్గదర్శకాలొచ్చాయి. పల్చటి ప్లాస్టిక్‌లో 2024-25లో 30 శాతం, 2027-28 నాటికి 60 శాతం రీసైకిల్ చేయించాలన్నారు. మిగిలింది సిమెంటు బట్టీలకో రోడ్లకో పోవచ్చు. తిరిగి వాడాలన్న షరతు గట్టి ప్లాస్టిక్ డబ్బాలకే పెట్టారు, ప్యాకెట్లకి లేదు.

"ప్యాకెట్లు లేకపోతే పేదవాళ్లు షాంపూ ఎలా కొంటారు?" అని కంపెనీలు జాలి పడతాయి. పేదల కోసం చిన్న కొలత కావాలి గానీ అల్యూమినియం రేకు అక్కర్లేదు. నిన్న మొన్నటి దాకా ఇదే కొట్లో గిద్దెతో నూనె కొలిచి మన సీసాలో పోసేవారు, పప్పు పొట్లం కట్టిచ్చేవారు. చిన్న కొలతలో కొనుక్కోవడం మన హక్కు. దానికి చెత్తను జతచేసి అంటగట్టడం వాళ్ల లాభం.

కాబట్టి మనం అడగాల్సింది ఇది. ప్యాకెట్టు ఒకే రకం ప్లాస్టిక్‌తో చెయ్యాలి. ద్రవ సరుకుల్ని కిరాణా కొట్లో మన సీసాలో నింపి అమ్మే ఏర్పాటు కంపెనీ ఖర్చుతో జరగాలి. ఖాళీ ప్యాకెట్లకి కొట్టులోనే డబ్బు తిరిగివ్వాలి. కంపెనీలు బాధ్యత కింద చెల్లించే సొమ్ము సర్టిఫికెట్ల వ్యాపారంలో తిరగకుండా, పంచాయతీల్లో చెత్త ఎత్తే కార్మికుల జీతాలకీ చేతి తొడుగులకీ చేరాలి. గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించే పని మన సంఘాలదే.

ఇది అయ్యే పనేనా అని అడిగేవాళ్లకి ఒక మాట. 1983 తర్వాత ఈ రాష్ట్రంలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాని ప్యాకెట్లలో పోసి ఊళ్లకి పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్లు మగవాళ్లకి నీతులు చెప్పి ఊరుకోలేదు. ప్యాకెట్లు తెచ్చే బండిని ఆపారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

అప్పుడు ప్యాకెట్టు ఎక్కణ్ణించి వస్తోందని అడిగాం. ఇప్పుడూ అదే అడుగుదాం. చీపురు పట్టుకునే ముందే అడుగుదాం.