జీవహింస లేని జీవశాస్త్రము

పల్నాటి సీమయందలి మా దుర్గి గ్రామము రాతిశిల్పములకు పేరు పొందినది. ఈ శిల్పములకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఇచ్చటి శిల్పి చెక్కిన నందిని చూడుడు. చెవుల వంపు, మూపురము, గంగడోలు ముడుతలు అన్నియు సరిగా నమరియుండును. అందులకై ఆతడు ఒక్క ఎద్దునైనను కోయలేదు. కన్నులార చూచెను, మనస్సున నిలుపుకొనెను, చేతితో చెక్కెను. జీవశాస్త్రము నేర్చుకొనుటకును ఇదియే తగిన మార్గమని నా యభిప్రాయము.

నేను ఇంటర్మీడియట్ చదువుచున్న దినములలో విద్యార్థులచేత కప్పలను కోయించెడివారు. మత్తుమందిచ్చిన కప్పను మైనపు పళ్లెరములో వెల్లకిల పరుండబెట్టి, కాళ్లకు గుండుసూదులు గ్రుచ్చి, పొట్ట చీల్చితిని. లోపల దాని గుండె ఇంకను కొట్టుకొనుచుండెను. పరీక్షలో మంచి మార్కులే వచ్చినవి. నాడు వల్లించిన అవయవముల పేర్లు అనేకము మరచితిని. ఆ గుండెను మాత్రము నేటికిని మరువలేకున్నాను.

“కోయకున్నచో లోపలి సంగతి తెలియుటెట్లు? వైద్యులు తయారగుటెట్లు?” అని కొందరడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. వైద్యునకు కత్తి పట్టు నేర్పు అవసరమే. అందులకు వైద్యవిద్యార్థులు, మరణానంతరము దానముగా లభించిన దేహములపై మానవ శరీర నిర్మాణమును అభ్యసించుచున్నారు. బడిపిల్లలకు కావలసినది కత్తినేర్పు కాదు. అవయవముల అమరికయు, అవి చేయు పనియు తెలియుట. దానికి ప్రాణము తీయ నక్కరలేదు.

ఈ మాట నా యొక్కనిది కాదు. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలినచోట జంతువులపై ప్రయోగములు మానవలెనని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమే చెప్పుచున్నది. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, కళాశాలల జంతుశాస్త్ర తరగతులలో జంతువులను కోయుట నిలిపివేయవలెనని ఆదేశించినది.

మరి మనమేమి చేయవచ్చును? బంకమన్నుతో రెండు గుండెలు చేయుడు. కప్ప గుండెలో కర్ణికలు రెండు, జఠరిక ఒక్కటే. మనిషి గుండెలో జఠరికలును రెండు. నడుమ గోడ ఎచ్చట నిలుపవలెనో చేయునప్పుడు మీ వ్రేళ్లకే తెలియును. అడుగు కత్తిరించిన ప్లాస్టిక్ సీసా మూతికి ఒక బుడగను తగిలించి లోపలికి వ్రేలాడదీయుడు. అడుగున మరియొక బుడగ పొరను బిగించి క్రిందికి లాగుడు. లోపలి బుడగ ఉబ్బును. మన ఊపిరితిత్తులలోనికి గాలి చేరు విధము కన్నులకు కట్టును.

వానకాలమున చెరువు గట్టునకు పొండు. గ్రుడ్లనుండి తోకకప్పలు వెలువడును. వానికి మొదట వెనుకకాళ్లు, పిమ్మట ముందుకాళ్లు వచ్చి, తోక క్రమముగా హరించును. చచ్చిన కప్ప ఈ పాఠమును చెప్పజాలదు. బ్రదికిన కప్ప రైతునకును మిత్రమే. చేలలోని పురుగులను తినును. విదేశములకు కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వము 1987లో నిషేధించినది.

బాలలారా! ప్రయోగము కొరకని ఎవరైనను కప్పను పట్టి తెచ్చినచో, దానిని మరల చెరువులో విడువుడు. తిరిగి వచ్చునపుడు గుప్పెడు బంకమన్ను తెచ్చుకొనుడు.